ముందు బట్ట చూడు, తర్వాత మిషన్ చూడు

ఈ నెల నా పేజీ మొత్తం ఒక్క సంగతికే ఇస్తున్న. గత ఆరు నెలల నుంచి షోలాపూర్‌లో మా గల్లీలో, అటు భివండి పద్మనగర్‌లో ఉన్న మా చుట్టాల ఇండ్లల్లో ఎవరిని కలిసినా ఒకటే మాట అడుగుతున్నరు. "మామా, కప్పుల మీద ఫోటోలు, టీ-షర్టుల మీద పేర్లు ఒత్తే మిషన్ కొందామనుకుంటున్నం. నువ్వు రంగుల ఖాతాలో పని చేసినవ్ గదా, కొనొచ్చా?"

అడిగేటోళ్ళు ఎవరో మీకు తెలుసు. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు నొస్తున్న అక్కలు. సాంచెల మీద రాత్రిపాళీ చేసే తమ్ముళ్ళు. డిగ్రీ చదివి ఇంట్లో కూసున్న పిల్లలు. ఫోన్‌లో వీడియో చూస్తరు. అందులో ఒకడు కప్పు మీద కాగితం చుడతడు, మిషన్‌లో పెడతడు, తీస్తడు, బొమ్మ మెరుస్తది. మూడు నిమిషాల పని. చూసినోళ్ళకు ఆశ పుడుతది. ఆ ఆశ మీద గాజులు తాకట్టుకు పోతయి, బచత్ గట్‌లో అప్పు పుడుతది, మామగారి గ్రాచ్యుటీ కరిగిపోతది.

నేను ఆ మిషన్ అమ్మేటోన్ని కాను, కొన్నోన్ని కాను. భివండి దిక్కు ఒక ప్రాసెస్ హౌస్‌లో 28 ఏండ్లు రంగు పని చేసిన. ఇప్పుడు ఇంటి పట్టునే ఉంట. వరుసకు కోడలయ్యే పిల్ల ఒకతె రెండేండ్ల నుంచి మా పక్కింట్లోనే ఈ ప్రింటు ధంధా చేస్తున్నది. పొద్దు పోక ఆమె దగ్గర కూసుంట, కాగితాలు కత్తిరిస్త, టేపు అంటిస్త. రంగు గుణం నాకు ఎరుక, మిషన్ సంగతి ఆమెకు ఎరుక. ఆ రెండూ కలిపి రాస్తున్న.

దీన్ని సబ్లిమేషన్ ప్రింటు అంటరు. పేరు పెద్దది, సంగతి చిన్నది. పెట్టెలో బట్టల నడుమ డాంబర్ గోలీలు పెడతం గదా. నాలుగు నెలలకు చూస్తే గోలీ ఉండదు. కరిగి నీళ్ళు కాలేదు, బట్ట తడవలేదు, ఉత్తగ గాలిలో కలిసింది. కర్పూరం డబ్బా మూత తీసి పెట్టినా అంతే. గట్టిగ ఉన్న వస్తువు నీళ్ళు కాకుండనే ఆవిరైపోవుడు. ఈ ప్రింటులో వాడే రంగు కూడ ఆ జాతిదే. కాగితం మీద ఉన్న రంగుకు గట్టి వేడి తగిలితే ఆవిరై లేస్తది, ఎదురుగ ఉన్న బట్టలోకి దూరుతది. చల్లబడ్డంక అక్కడనే ఉండిపోతది.

మా ఖాతాలో ఈ రంగును డిస్పర్స్ రంగు అనేది. టెరీన్, టెరికాట్ బట్టలకు వేసేది ఇదే. నీళ్ళల్లో సరిగ్గ కరగదు, పొడి పొడిగ తేలుతుంటది. జెట్ మిషన్‌లో 130 డిగ్రీల వేడి పెట్టి, ప్రెషర్ కుక్కర్ లెక్క ఒత్తిడి మీద ఉడికిస్తేనే పాలిస్టర్ దాన్ని లోపలికి తీసుకునేది.

ఇంకో సంగతి చెప్పాలె. ఉడికిన బట్టను సాగదీసి ఆరబెట్టే స్టెంటర్ మిషన్ ఉంటది. దాంట్లో వేడి 180 నుంచి 210 డిగ్రీల దాంక పోతది. నేవీ బ్లూ, మెరూన్ లాంటి ముదురు రంగు బట్ట నడిచినంక, వెంటనే తెల్ల బట్ట ఎక్కిస్తే దానికి నీలి నీడ, ఎర్ర నీడ పట్టేది. రంగు ఆవిరై లేచి మిషన్ లోపల అంటుకొని, వెనుక వచ్చిన తెల్ల బట్టకు ఎక్కేది. దాన్ని మేము నష్టం కింద రాసేది. తెల్ల మాలు రాకముందే స్టెంటర్ తుడవాలె, లేకుంటే సూపర్‌వైజర్ ఊరుకోకపోయేది. ఈరోజు కప్పుల మీద, టీ-షర్టుల మీద పిల్లలు చేస్తున్నది ఆ ఎగిరే రంగు పనే. అప్పుడు మాకు తంటా అయ్యింది ఇప్పుడు వీళ్ళకు తిండి అయ్యింది. అందుకే ఈ ధంధా నాకు కొత్తగ అనిపించదు.

ఇప్పుడు అసలు మాట. ఈ రంగు పాలిస్టర్‌నే పట్టుకుంటది. పత్తిని పట్టుకోదు.

ఎందుకంటే పాలిస్టర్ అనేది ఒక తీరు ప్లాస్టిక్ పోగు. ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు 1941లో దీన్ని కనిపెట్టిన్రని మా డైయింగ్ మాస్టర్ చెప్తుండె. గట్టి వేడి తగిలితే ఆ పోగు లోపల సందులు తెరుచుకుంటయి. ఆవిరి రంగు ఆ సందుల్లోకి పోతది. వేడి తగ్గంగనే సందులు మూసుకుంటయి, రంగు లోపల బందీ అయితది. అందుకే ఈ ప్రింటును చేత్తో తడిమితే గరుకు తగలదు, పగలదు, పెచ్చులు లేవదు. పత్తి పోగు అట్ల కాదు. అది వేడికి తెరుచుకోదు. రంగు పైన ఒరిగి కూసుంటది, సబ్బు నీళ్ళు తగిలితే లేచి పోతది. పత్తికి రియాక్టివ్, వాట్ రంగులు వేరే ఉన్నయి. వాటి పని వేరు, వాటి తొట్టి వేరు.

ఇది మనకే ఎక్కువ దెబ్బ తగిలే సంగతి. షోలాపూర్ అంటేనే చద్దర్లు, టర్కీ టవళ్ళు. మనకు చేతికి అందే మాలు పత్తి మాలు. పెండ్లిళ్ళల్లో టవల్-టోపీ పెట్టుడు ఇక్కడి ఆనవాయితీ. కాబట్టి ఈ మిషన్ చూసిన ప్రతి ఒక్కరికీ మొదట వచ్చే ఆలోచన ఒకటే: "టవళ్ళ మీద పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురు పేరు ఒత్తి అమ్ముదాం."

మా వెనుక గల్లీలో ఒక పిల్లగాడు ఇదే చేసిండు. మిషన్ అమ్మినతను "ఏ బట్ట మీదనైనా వస్తది, ఈ స్ప్రే కొట్టు చాలు" అన్నడు. పిల్లగాని తల్లి రెండు జతల గాజులు తాకట్టు పెట్టి పైసలు ఇచ్చింది. మొదటి ఆర్డరే 200 టవళ్ళు. స్ప్రే కొట్టి ఒత్తితే మొదటి రోజు బొమ్మ మంచిగనే కనబడ్డది. పెండ్లి అయ్యింది, చుట్టాలు టవళ్ళు ఇండ్లకు తీసుకపోయి పిండుకున్నరు. రెండో ఉతుకుకు పేర్లు మసకబారినయి. కొన్నిట్ల పెండ్లికొడుకు పేరు పోయి పెండ్లికూతురు పేరే మిగిలింది. పెండ్లోళ్ళు ఇంటి మీదికి వచ్చి మాట అన్నరు. బాకీ పైసలు ఇయ్యలేదు. ఆ తల్లి బీడీలు చుట్టుకుంటనే ఆ మాటలన్నీ విన్నది. స్ప్రే అనేది బట్ట మీద పల్చటి ప్లాస్టిక్ పూత. రంగు ఆ పూతను పట్టుకుంటది, పూత బట్టను గట్టిగ పట్టుకోదు. అది తెలిస్తే 200 టవళ్ళ ఆర్డరు ఎవరైనా ఒప్పుకుంటరా?

ఆ పిల్లగాడు ఇప్పుడు పాలిస్టర్ టీ-షర్టులు చేస్తున్నడు. గణపతి మండళ్ళ ఆర్డర్లు వస్తున్నయి. ఒక జత గాజులు ఇంటికి వచ్చినయి. ఇంకో జత ఇంకా రాలేదు.

టవల్ మీద పేరే కావాలంటే దారులు ఉన్నయి. అంచు మీద ఎంబ్రాయిడరీ చేయించొచ్చు. జాకార్డ్ సాంచె మీద పేరు నేయించొచ్చు, మన ఊర్లో అది చేసేటోళ్ళు ఉన్నరు. పత్తి టీ-షర్టు కావాలంటే స్క్రీన్ ప్రింటు ఉంది, డీటీఎఫ్ అని ఫిల్మ్ అంటించే పద్ధతి ఉంది. మైక్రోఫైబర్ టవల్ అయితే దాంట్లో పాలిస్టరే ఎక్కువ కాబట్టి సబ్లిమేషన్ పడుతది. గిరాకీ అడిగిన వస్తువు ఏ పనికి వస్తదో చూసి ఒప్పుకోండ్రి.

బట్ట పాలిస్టరా, పత్తా అనేది దుకాణపోని మాట మీద నమ్మొద్దు, చీటీ చూసి నమ్మొద్దు. పోగు కాల్చి చూడుండ్రి. మా ఖాతాలో కొత్తగ వచ్చిన పోరగానికి మొదటి రోజు నేర్పేది ఇదే. బట్ట కొన నుంచి రెండు పోగులు గుంజి, పట్కారుతో పట్టుకొని, మంటకు పెట్టాలె. పత్తి అయితే కాగితం కాలినట్టు కాలుతది, కాగితం వాసనే వస్తది, మెత్తటి బూడిద మిగులుతది, వేళ్ళతో నలిపితే పొడి అయితది. పాలిస్టర్ అయితే మంటకు ముడుచుకుంటది, కరుగుతది, నల్ల పొగ లేస్తది, చివరికి గట్టి పూస మిగులుతది. చల్లబడ్డంక కూడ ఆ పూస వేళ్ళకు నలగదు. కరిగే చుక్క చేతి మీద పడితే చర్మం పట్టుకుంటది, కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టుకోండ్రి. రెండూ కలిసిన బట్ట అయితే కొంత కాలుతది, కొంత కరుగుతది, బూడిదలో గట్టి పలుకులు తగులుతయి.

కలిపిన బట్టలో ఏమైతదంటే, పాలిస్టర్ ఎంత ఉంటే రంగు అంతనే నిలుస్తది. 100కు 65 పాలిస్టర్, 35 పత్తి ఉన్న బట్ట మీద ఒత్తితే, ఉతికినంక పత్తి వంతు రంగు పోయి బొమ్మ పాతబడ్డట్టు కనబడుతది. కొందరికి ఆ పాత తీరు నచ్చుతది, అది వేరే మాట. గిరాకీకి ముందే చెప్పి చేయాలె. బజార్లో సరీనా అని, డ్రై ఫిట్ అని రకరకాల పేర్లతో అమ్ముతరు. పేరు ఏదైనా కానియ్యండ్రి, పోగు కాల్చుడు మానొద్దు.

ఇంకో కట్టు ఉన్నది. ఈ రంగుల్లో తెలుపు లేదు. నీలం, గులాబీ, పసుపు, నలుపు మాత్రమే. బొమ్మలో తెల్లగ కనబడాల్సిన జాగాలో బట్ట తెలుపే కనబడుతది. కాబట్టి బట్ట తెల్లగ గానీ లేత రంగుగ గానీ ఉండాలె. నల్ల టీ-షర్టు మీద పసుపు పేరు కావాలంటే ఈ పద్ధతిలో కాదు.

కప్పుల సంగతి కూడ ఇదే సూత్రం. ఇంట్లో చాయ తాగే మామూలు పింగాణి కప్పు మీద రంగు నిలవదు. సబ్లిమేషన్ కప్పు అని వేరే అమ్ముతరు. దాని మీద కంటికి కనబడని పాలిమర్ పూత ఉంటది. రంగు పట్టేది ఆ పూతనే. పూత సరిగ్గ లేని చవక కప్పు కొంటే బొమ్మ పాలిపోతది.

ఇగ సామాన్ల మాట. ప్రింటర్, ఇంకు, కాగితం, హీట్ ప్రెస్, ఈ నాలుగు.

ప్రింటర్ ఎన్నుకునేటప్పుడు ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి. ఇండ్లల్లో వాడే కెనాన్, హెచ్‌పీ ఇంకు ప్రింటర్లు చాలా మట్టుకు ఇంకును వేడి చేసి బుడగ లేపి చిమ్ముతయి. మన రంగు వేడికి లేచేది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. ఎప్సన్ ప్రింటర్లు వేడి లేకుండ ఒత్తిడితో చిమ్ముతయి. అందుకే చిన్న ధంధా చేసేటోళ్ళు ఎక్కువ మంది ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్ కొత్తది తెచ్చి, మొదటి నుంచి సబ్లిమేషన్ ఇంకే పోస్తరు. మామూలు ఇంకు పోసి నడిపిన ప్రింటర్‌లో తర్వాత ఈ ఇంకు పోస్తే పైపుల్లో రెండూ కలిసి రంగు తప్పుతది. కంపెనీది కాని ఇంకు పోస్తే వారంటీ పోతదని కూడ తెలిసి ఉండాలె. సబ్లిమేషన్ కోసమే చేసిన ప్రింటర్లు కూడ ఎప్సన్‌కు ఉన్నయి, వాటి ధర ఎక్కువ. ఏ-4 సైజు ప్రింటర్ కప్పులకు సరిపోతది. టీ-షర్టు ముందు భాగానికి పెద్ద బొమ్మ కావాలంటే ఏ-3 ఉండాలె. ఏది తెచ్చినా, పని లేకున్నా రోజు తప్పి రోజు అన్ని రంగులు ఉన్న ఒక చిన్న కాగితం తీస్తుండాలె. లేకుంటే హెడ్ రంధ్రాలు ఎండి మూసుకుపోతయి. పెండ్లికి ఊరికి పోయి పది రోజులు తాళం వేస్తే, వచ్చినంక గీతలు గీతలుగ ప్రింటు వస్తది.

కాగితం సబ్లిమేషన్ కాగితమే కావాలె. తెల్లగ ఉన్న పూత దిక్కు ప్రింటు చేయాలె. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి ప్రింటు చేయాలె, ఒత్తినంక సక్కగ వస్తది. కాగితం మీద రంగులు మబ్బుగ, ఎల్సినట్టు కనబడుతయి. కొత్తోళ్ళు అది చూసి ఇంకు మంచిది కాదని భయపడతరు. వేడి తగిలినంకనే అసలు రంగు తేలుతది. వానకాలంలో కాగితం చెమ్మ పీలుస్తది, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండ్రి.

హీట్ ప్రెస్ అంటే ఇస్త్రీ పెట్టెకు పెద్దన్న. టీ-షర్టుకు బల్ల లెక్క సాఫుగ ఉండేది, కప్పుకు గుండ్రంగ పట్టుకునేది. అన్నీ కలిపి ఒకే మిషన్‌లో ఇస్తమని "ఐదు పనుల మిషన్" అమ్ముతరు. ఒక పని నుంచి ఇంకో పనికి మార్చేటప్పుడు ఇప్పుడు, బిగించుడుకే టైము పోతదని మా కోడలు అంటది. ఏది ఎక్కువ అమ్ముడుపోతదో దానికి సరైనది ఒక్కటే కొనుడు మేలు.

ఇస్త్రీ పెట్టెతో ఎందుకు కాదని అడుగుతరు. బట్టకు 190 నుంచి 205 డిగ్రీల నడుమ వేడి, 45 నుంచి 60 సెకన్లు, అన్ని మూలల్లో ఒకే తీరు ఒత్తిడి కావాలె. ఇస్త్రీ పెట్టె ఒక జాగాలో కాలుతది, ఇంకో జాగాలో కాలదు, పైగా ఆవిరి రంధ్రాల మచ్చలు పడుతయి. కప్పుకు 180 నుంచి 200 డిగ్రీల నడుమ, రెండున్నర నుంచి మూడున్నర నిమిషాలు పడుతది. ఇవి మొదలు పెట్టే అంకెలు మాత్రమే. మీ మిషన్ చెప్పే వేడి, దాని పళ్ళెం అసలు వేడి ఒకటి కావు. అందుకే ఒకే బట్ట నుంచి ఆరు చిన్న ముక్కలు కత్తిరించి, వేరే వేరే వేడి, వేరే వేరే టైము పెట్టి ఒత్తి, వెనుక పెన్నుతో రాసి, రెండు సార్లు ఉతికి, గోడకు అంటించుకోండ్రి. మా ఖాతాలో షేడ్ కార్డు ఉన్నట్టు, మీ ఇంటికి అది షేడ్ కార్డు.

కొన్ని మిషన్లు ఫారెన్‌హీట్ లెక్కలో వేడి చూపిస్తయి. 200 డిగ్రీలంటే ఆ లెక్కలో 392. అది చూడకుండ 200 పెడితే మిషన్ మన లెక్కలో 93 డిగ్రీలే కాలుతది, రంగు కదలదు. మిషన్ చెడిందని వాపస్ తీసుకపోయేటోళ్ళు ఉన్నరు. ముందు సి, ఎఫ్ అక్షరం చూసుకోండ్రి.

ఒత్తే తీరు ఇది. బట్ట మీద దుమ్ము, దూది పోగు లేకుండ తుడవాలె. ఒట్టి బట్టనే ముందు ఐదు పది సెకన్లు ఒత్తి చెమ్మ పోగొట్టాలె. టీ-షర్టు లోపల ఒక కాగితం పెట్టాలె, లేకుంటే రంగు ముందు నుంచి వెనుకకు దూకుతది. ప్రింటు కాగితం పెట్టి వేడికి తట్టుకునే టేపుతో కదలకుండ అంటించాలె. పైన బటర్ పేపర్ గానీ టెఫ్లాన్ షీటు గానీ వేయాలె. ఒత్తి, లేపంగనే కాగితాన్ని ఒకే గుంజుడుతో సక్కగ తీయాలె. కాగితం వేడి మీద కొంచెం జరిగినా అక్షరం పక్కన ఇంకో అక్షరం నీడ పడుతది. బొమ్మలో నీలి చుక్క పడితే దుమ్ము. మబ్బు మచ్చలు పడితే చెమ్మ. మొత్తం పాలిపోతే వేడి తక్కువ, లేకుంటే బట్టలో పత్తి. నలుపు గోధుమ రంగుకు తిరిగితే వేడి ఎక్కువ, టైము ఎక్కువ. బట్ట మీద చదరం గుర్తు పడితే ఒత్తిడి ఎక్కువ. ప్రతి నష్టానికి ఒక కారణం ఉంటది. కారణం దొరికేదాంక రెండో బట్ట ఎక్కించొద్దు.

ఇంట్లో చేసే పని కాబట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పాలె. మనవి చిన్న ఇండ్లు. ఫ్రిజ్, మిక్సీ పెట్టే ప్లగ్గులో హీట్ ప్రెస్ పెట్టొద్దు. పెద్ద ప్లగ్గు, మందం వైరు, ఎర్తింగ్ సక్కగ ఉందని వైర్‌మన్‌కు చూపించినంకనే నడపండ్రి. ఒత్తేటప్పుడు పొగ, వాసన వస్తది. కిటికీ తెరిచి, గాలి బయటకు గుంజే ఫ్యాన్ పెట్టుకోండ్రి, పసిపిల్లలను ఆ గదిలో పండబెట్టొద్దు. బీడీ తంబాకు ఉన్న జాగాలో ఈ పని వద్దు. తంబాకు పొడి ఒక్క పలుకు పడినా తెల్ల బట్ట మీద మచ్చ అయితది, బట్టకు వాసన పడుతది. జాగా లేకుంటే టైము పంచుకోండ్రి: పొద్దున బీడీ, తుడిచినంక సాయంత్రం ప్రింటు.

ఇప్పుడు పైసల లెక్క. ధరలు ఊరికో తీరు, నెలకో తీరు ఉంటయి. కాబట్టి నేను రాసే అంకెలు లెక్క నేర్చుకునేందుకే, మీ బజారు అంకెలు మీరు వేసుకోండ్రి. 50 కప్పుల ఆర్డరు వచ్చింది అనుకుందాం. ఒట్టి కప్పు 70, కాగితం, ఇంకు, టేపు 6, కరెంటు 2, కలిపి 78 రూపాయలు. డబ్బా 12. 50 మంచివి ఇయ్యాలంటే కొత్త చేతికి నాలుగైనా ఖరాబు అయితయి. అంటే 54 కప్పులు చేయాలె. 54 కప్పులకు 4,212, డబ్బాలకు 600, మొత్తం 4,812. కప్పు 130కి అమ్మితే 6,500 వస్తయి. మిగిలేది 1,688. వీడియోలో చెప్పేటోడు 90 ఖర్చు, 130 అమ్మకం, 40 లాభం అని 50తో గుణించి 2,000 చూపిస్తడు. ఖరాబైన నాలుగు కప్పులు వాని లెక్కలో లేవు. ఒక్కో కప్పుకు పెట్టుడు, తీసుడు, చల్లార్చుడు కలిపి ఎనిమిది నిమిషాలు పట్టినా 54 కప్పులకు ఏడు గంటలు దాటుతది. డిజైను చేసుడు, డబ్బాలో పెట్టుడు, ఇచ్చి వచ్చుడు కలిపితే రెండు రోజుల పని. మిషన్ అప్పు కిస్తు నెలకు 2,400 అనుకుంటే, ఇట్లాంటి ఆర్డర్లు ఒకటిన్నర వచ్చేదాంక మీ చేతికి కూలి కూడ రాదు. నెలకు ఎన్ని ఆర్డర్లు వస్తయో తెలియకుండ కిస్తు ఎట్ల ఒప్పుకుంటరు?

అందుకే నా మాట ఇది: మొదటి నెల ఏ మిషన్ కొనొద్దు. ఊర్లో సబ్లిమేషన్ చేసే దుకాణాలు ఉన్నయి. మీ డిజైను ఇస్తే పైసలు తీసుకొని ప్రింటు చేసి, ఒత్తి ఇస్తరు. మీరు ఆర్డరు పట్టండ్రి, వాళ్ళ దగ్గర చేయించి ఇయ్యండ్రి. లాభం తక్కువనే మిగులుతది, కానీ గిరాకీ ఉన్నదా లేదా అనేది గాజులు తాకట్టు పెట్టకుండనే తెలుస్తది. రెండు మూడు నెలలు ఆర్డర్లు ఆగకుండ వస్తే ముందు హీట్ ప్రెస్ కొనుండ్రి, ప్రింటు కాగితం బయటి నుంచి తెచ్చుకొని ఇంట్లో ఒత్తండ్రి. ఆ తర్వాత ప్రింటర్. మా కోడలు ఈ వరుసలోనే పోయింది. ఆమెకు ప్రింటర్ ఇంటికి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి చేతిలో మూడు బళ్ళ ఆర్డర్లు ఉన్నయి.

అప్పు తప్పదంటే సాహుకారు గడప తొక్కకముందే బ్యాంకుకు పోండ్రి. ముద్రా అప్పు 2015 నుంచి ఉన్నది. దాంట్లో శిశు అనే రకం 50,000 దాంక, తాకట్టు అడగొద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు సర్కారు రుసుము లేదు. అది చేసి ఇస్తమని వేలు అడిగేటోళ్ళను నమ్మొద్దు.

ఏం అమ్మాలె? గణపతి మండళ్ళ టీ-షర్టులు, కబడ్డీ, క్రికెట్ టీముల జెర్సీలు, బడి పిల్లల ఐడీ పట్టీలు, పుట్టినరోజు కప్పులు. రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథం తీసేటప్పుడు మన సంఘం పోరగాండ్లందరూ ఒకే రంగు టీ-షర్టు వేసుకుంటరు, అది రెండు నెలల ముందే అడిగి పట్టుకోవాలె. సినిమా హీరో బొమ్మలు, పెద్ద టీముల గుర్తులు అడిగితే ఒత్తొద్దు. అవి వేరేటోళ్ళ సొత్తు, కేసు అయితది.

మనకు ఒక్క పని మాత్రం ఊర్లో మిగతా దుకాణాలకు చేతకాదు. తెలుగు అక్షరం. ఇక్కడి డిజైను దుకాణాల్లో తెలుగు చదివేటోళ్ళు తక్కువ. ఫాంటు సరిగ్గ లేకుంటే ఒత్తులు కింద నుంచి పక్కకు జారుతయి, గుణింతం విడిపోతది. "లక్ష్మి" అనేది "లకష్మి" అయ్యి వచ్చిన కప్పు నేను చూసిన. మన పిల్లలు మరాఠీ బడిలో చదివినోళ్ళు, వాళ్ళకు ఆ తప్పు కనబడదు. కాబట్టి తెలుగు పేరు ఉన్న ప్రతి డిజైనును ఒత్తకముందు ఇంట్లో తెలుగు చదవొచ్చిన పెద్దోళ్ళకు చూపించండ్రి. తిరగేయకముందు చూపించండ్రి, తిరగేసినంక మా కండ్లకు కూడ అందదు. గృహప్రవేశానికి, షష్టిపూర్తికి అచ్చమైన తెలుగులో పేరు ఉన్న కప్పు కావాలంటే షోలాపూర్‌లో గానీ భివండిలో గానీ మన ఇంటికే రావాలె. అది మన పెట్టుబడి. దానికి కిస్తు లేదు.

ఈ పేజీ చదివినంక ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే ఒక్క పని చేయండ్రి. మీరు ఏ బట్ట మీద ఒత్తాలనుకుంటున్నరో దాని పోగు రెండు గుంజి మంటకు పెట్టండ్రి. బూడిద మిగిలితే ఈ మిషన్ మీకు కాదు. పూస మిగిలితే కాగితం, పెన్ను తీసి లెక్క వేయండ్రి.

వచ్చే నెల పత్తి టవల్ అంచు మీద పేరు వేసే ఎంబ్రాయిడరీ సంగతి రాస్త. టవళ్ళ ఊర్లో ఉన్నోళ్ళం, టవల్‌ను వదిలి ఎక్కడికి పోతం?